ఈసుడు రోగమును కనిపెట్టుట యెట్లు?

పలమనేరు, పుంగనూరు సంతలలో పాడియావును బేరమాడువారు దాని పండ్లు చూతురు, పొదుగు తడవి చూతురు, సుడులు లెక్కింతురు, ఎన్ని యీతలు గడచినవని యడుగుదురు. అమ్మువాడు చెప్పినదానిలో సగము నమ్మి, తక్కిన సగము దైవముమీద వేసి, తువాలు చాటున వ్రేళ్లు పట్టి ధర తేల్చుకొని పలుపు చేత బట్టుదురు. కాని, "నిరుడు ఏడవనెలలో దీని చూలు ఈసుకొనిపోయినదా?" యని యడుగువారు అరుదు. అడిగినను నిజము చెప్పువారు అంతకంటె అరుదు. ఆ ప్రశ్నకు జవాబు ఆవు నెత్తురులోను పాలలోను వ్రాయబడి యున్నది. దానిని చదువు విద్య మన సీమకు క్రొత్తది కాదు. తిరుపతిలో 1955లో స్థాపితమైన పశువైద్య కళాశాల కలదు. 2005లో నెలకొన్న శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయము కలదు. ఆ విశ్వవిద్యాలయమువారే పలమనేరులో పుంగనూరు పొట్టిజాతిని కాపాడుచున్న పశుపరిశోధనా స్థానమును నడుపుచున్నారు. విద్య చెంతనే యున్నది. ఆ విద్యకును సంతకును నడుమ దారి మాత్రము సరిగా పడలేదు. ఆ దారినిగూర్చియే నేడు నాలుగు మాటలు వ్రాయదలచితిమి.

మన రైతులు ఈసుడు రోగమనియు, వైద్యులు బ్రూసెల్లోసిస్ అనియు పిలుచు నీ జాడ్యము కంటికి కనబడు జాడ్యము కాదు. గాలికుంటు వచ్చిన పశువు కుంటును, చొంగ కార్చును. గొంతువాపు వచ్చినది గురకపెట్టును. ఈసుడు రోగము సోకిన ఆవు మేత మేయును, నెమరువేయును, పాలిచ్చును. ఐదవనెల దాటిన పిదప, తఱచుగా ఏడు ఎనిమిది మాసములకు, చూలు జాఱిపోవును, మాయ పడదు. రైతు దిష్టి యనుకొనును, వేడి చేసినదనుకొనును, పొరుగువాని యెద్దు కుమ్మినదనుకొనును. మఱుసటి యేట అదే యావు నిండునెలలకు దూడను ఈనును. అంతటితో గండము గడచినదని రైతు సంతోషించును. మోసమంతయు ఇచటనే యున్నది. ఒక్కసారి ఈసుకొనిపోయిన యావు మఱల ఈసుకొనకపోవుట సామాన్యము. కాని సూక్ష్మజీవి దాని పొదుగునందును, గ్రంథులయందును కాపురముండి, ప్రతి యీతలోను మాయతోడను ఉమ్మనీటితోడను, ప్రతి దినము పాలతోడను వెలికి వచ్చుచునేయుండును. అది పడిన పచ్చిక మేసిన పొరుగు ఆవు తరువాత ఈసుకొనిపోవును. యజమానుని దొడ్డిలో రోగము శాంతించినట్లే యుండును. ఊరిలో మాత్రము పెరుగుచుండును.

మనుష్యునకును ఇది సోకును. 1887లో మాల్టా ద్వీపమున డేవిడ్ బ్రూస్ అను సైనికవైద్యుడు జ్వరముతో మరణించిన సైనికుల శరీరములందు ఈ జాతి సూక్ష్మజీవిని మొదట కనుగొనెను. అది మేకపాలవలన వచ్చుచున్నదని 1905లో జమిత్ అను మాల్టా వైద్యుడు తేల్చెను. నడుమ 1897లో డెన్మార్కున బ్యాంగ్ అను పండితుడు ఆవులను ఈసుకొనిపోజేయు క్రిమిని పట్టుకొనెను. ఆ రెండును ఒక్కకుదురు క్రిములేయని లోకము గ్రహించుటకు మఱి యిరువది సంవత్సరములకు పైగా పట్టినది. మాయను చేతితో లాగు రైతు, దూడను అందుకొను ఇల్లాలు, చికిత్సకు వచ్చిన పశువైద్యుడు, గుమ్మపాలు త్రాగు పిల్లవాడు, వీరందఱును ఈ రోగమునకు ఎదురుగా నిలిచినవారే. వచ్చిన జ్వరము అలలవలె ఎక్కుచు దిగుచుండును; రాత్రులు చెమటపట్టును; నడుమును కీళ్లును పట్టివేయును. విషజ్వరమని కొన్నాళ్లు, క్షయయని కొన్నాళ్లు, వాతమని కొన్నాళ్లు మందు మ్రింగి, తుదకు విసిగిన రోగిని "నీ యింట ఆవు ఈసుకొనిపోయినదా?" యని యడుగు వైద్యుడు దొరకుట యదృష్టము. నిర్ణయమైనచో ఆఱువారముల మందుతో కుదుర్చవచ్చును. పాలు కాచి త్రాగు మన యాచారము ఎందఱినో కాపాడుచున్నదనుట నిజము. కాని పేడచేతి పనిని, పురిటిపనిని కాచి చల్లార్చు నుపాయము లేదు గదా!

చిత్తూరు, తిరుపతి ప్రాంతములకు ఈ విషయము ఏల ముఖ్యమన, ఇది వర్షమును నమ్ముకొన్న మెట్టసీమ. వేరుసెనగ ఎండిన యేట సంసారమును గట్టెక్కించునది పాలబిల్లు. మదనపల్లె మొదలు కుప్పము వఱకు మెట్టలపై సీమావుల పాడి విస్తరించిన పిదప, రెండెకరముల రైతునకు సయితము రెండు మూడు సంకరజాతి ఆవులు దొడ్డిలో కట్టబడియున్నవి. వాని వెల వేలమీద నుండును. అప్పు చేసి కొన్నవి పెక్కులు. సరిహద్దు కావలి కన్నడ, తమిళ జిల్లాల సంతలనుండి పసులు వచ్చుచుండును, పోవుచుండును. 1911లో ఏర్పడిన చిత్తూరు జిల్లానుండి 2022లో తిరుపతి జిల్లా వేఱుచేయబడినది. పసులకును వాని రోగములకును ఈ యెల్లలు తెలియవు. చూలు జాఱిన యావు ఆ యేటి దూడను పోగొట్టుటయే కాక, పాలలో కొంత భాగమును పోగొట్టును. మాయ కుళ్లినచో ఎదకు రాక గొడ్డుమోతగును. అట్టిదానిని రైతు ఏమి చేయును? సంతకు తోలును. కొన్నవాడు మఱియొక రైతు.

ఇక పరీక్షల మాట. రోగము సోకిన శరీరము దానితో పోరాడుటకై రక్తమునందు ప్రతిరక్షకములను పుట్టించును. చంపిన క్రిములను ఆ రక్తరసముతో కలిపినచో అవి గుంపులు గట్టును. 1897లో రైట్, స్మిత్ అను ఆంగ్లవైద్యులు మాల్టా జ్వరమును పోల్చుకొనుటకు ఈ యుపాయమును ప్రయోగించిరి. నేటి పరీక్షలలో పెక్కింటికి అదియే మూలము. మన పశువైద్యశాలలలో ఎక్కువగా వాడుకలో నున్నది రోజ్ బెంగాల్ పరీక్ష. పేరున బెంగాలు కలదు గాని ఈ గులాబిరంగును 1882లో చేసినది స్విట్జర్లాండు రసాయనికుడు. దానిని పశుపరీక్షకు తెచ్చినది 1960 దశకమున అమెరికా, బ్రిటను దేశములవారు. ఈ రంగు నద్దిన మృతక్రిములను పుల్లని ద్రవమున నుంచుదురు. తెల్లని పలకపై ఒక బొట్టు రక్తరసము, ఒక బొట్టు ఈ ద్రవము వేసి, కలిపి, నాలుగు నిమిషములు ఊపి చూతురు. రవ్వలు తేలినచో రోగమున్నట్టు లెక్క. పులుపు ఏలయన, ఇతర కారణములచే గుంపుగట్టించు ప్రతిరక్షకముల బలమును అది చాలవఱకు అణచును. ఖర్చు స్వల్పము, యంత్రము అక్కఱలేదు, చెట్టుక్రింద చేయవచ్చును. ఇన్ని సుగుణములుండుటచేతనే దాని దుర్గుణములను మఱచుచున్నాము.

నాలుగు నిమిషములు దాటి చూచినచో, బొట్టు అంచు ఎండి, లేని రవ్వలు కనబడును. ద్రవమును చల్లని పెట్టెలో 2 నుండి 8 డిగ్రీల వేడిమిలో నుంచవలెను, గడ్డకట్టనీయరాదు. చల్లగా నున్నదానిని వెంటనే వాడరాదు, గదివేడికి తేవలెను. చైత్రవైశాఖములలో సత్యవేడు, శ్రీకాళహస్తి ప్రాంతములందు మోటారుసైకిలు పెట్టెలో మధ్యాహ్నము వఱకు తిరిగిన ద్రవము చెప్పు సాక్ష్యమును ఏ న్యాయాధిపతియు స్వీకరింపడు. ఇదిగాక, యెర్సీనియా యను వేఱొక క్రిమి యొక తెగ సోకిన పశువు సయితము ఇందు దోషిగా కనబడును. రెండు క్రిముల పైపొర యొక్కపోలికగా నుండుటయే దీనికి కారణము.

ఇచట మా పాఠకులు కొంచెము లెక్కకు ఓర్చుకొనవలెను. ఇది పాలలెక్కకంటె కష్టము కాదు. ఒక ఫిర్కాలో 1000 ఆవులు కలవనుకొందము. వానిలో 20 ఆవులకు రోగమున్నదనుకొందము. మన పరీక్ష రోగమున్న నూఱింటిలో 90ని పట్టును, రోగము లేని నూఱింటిలో 5ని తప్పుగా పట్టును. వినుటకు మంచి పరీక్షయే. దాని ఫలమేమి? రోగమున్న 20లో 18 పట్టుబడును. రోగము లేని 980లో 49 పట్టుబడును. వెరసి 67 ఆవులు దోషులుగా నిలిచినవి. వానిలో నిజముగా రోగమున్నవి 18 మాత్రమే. మిగిలిన 49 ఆవుల యజమానులు చేయని నేరమునకు శిక్ష ననుభవింతురు. రోగము తక్కువగా నున్న యూరిలో మంచి పరీక్షయు ఈ రీతిగా అబద్ధమాడును. ఇపుడు ఆ 67 ఆవులనే మఱియొక తీరున పరీక్షింపుడు. రెండవది నూఱింటిలో 95ని సరిగా పట్టి, 2ని మాత్రమే తప్పుగా పట్టునది యనుకొందము. 18లో 17 నిలుచును. 49లో ఒకటి నిలుచును. మొదట నూటికి 27 పాళ్లు నిజముగా నుండిన తీర్పు, రెండవ పరీక్షతో నూటికి 94 పాళ్లు నిజమగును. ఈ యంకెలు మేము ఉదాహరణకై వేసికొన్నవి. కాని న్యాయము ఎల్లెడల నిదియే. ఐతే రెండవ పరీక్ష మొదటిదానికంటె వేఱు స్వభావము కలదిగా నుండవలెను. ఒకే సాక్షిని రెండుమాఱులు పిలిచిన మాత్రమున ఇద్దఱు సాక్షులు కారు.

ఆ రెండవ సాక్షి ఎలైసా యను పరీక్ష. తొంబదియాఱు గుంటల పలకలో క్రిమి పొరను అంటించి, రక్తరసమును పోసి, కడిగి, ప్రతిరక్షకము అంటుకొనిన చోట రంగు పుట్టించి, ఆ రంగును యంత్రముతో కొలుతురు. కంటితీర్పు కాదు, అంకెతీర్పు. ఒక దినమున వందలకొలది నమూనాలను చూడవచ్చును. పాలతో సయితము చేయవచ్చును. వెనుక దీని సామగ్రి విదేశములనుండి తెప్పించుకొనవలసి యుండెడిది. ఒక్కొక్క పలక వెల చూచి చిన్న ప్రయోగశాలలు వెనుకంజ వేసెడివి. మనకు కూతవేటు దూరముననే యున్న బెంగుళూరులో నివేది యను జాతీయ పశురోగ విజ్ఞానసంస్థ ఈ రోగమునకు ఎలైసా సామగ్రిని స్వయముగా రూపొందించినది. ఇజత్‌నగరములోని భారత పశువైద్య పరిశోధనాసంస్థ, అనగా 1889లో పూనాలో చిన్న క్రిమిపరిశోధనశాలగా పుట్టినది, రోజ్ బెంగాల్, పాలవలయ పరీక్షలకు వలయు ద్రవములను చేయుచున్నది. స్వదేశి వస్తువు వాడుడని చెప్పుటకు మాకు ఇంతకంటె మంచి సందర్భము దొరకదు; ఇందు దేశాభిమానముకంటె ముఖ్యమైన సంగతి యొకటి కలదు. పరీక్షను ఏ దేశపు పసులపై సరిచూచిరో ఆ దేశమునకే దాని కొలత యొప్పును. డెన్మార్కు ఆవుమీద గీచిన గీత పుంగనూరు ఆవుమీదను, ముఱ్ఱాగేదెమీదను సరిపోవునని ముందుగా ఎవరును హామీ యీయలేరు. ఎచట గీత గీయవలెనో మన పసుల రక్తముతోనే తేల్చుకొనవలెను. తిరుపతి విశ్వవిద్యాలయమువంటి సంస్థలకు తగిన పని యిదియే.

పాలవలయ పరీక్షనుగూర్చి మాకు ప్రత్యేకాభిమానము కలదు. 1937లో జర్మనీలో ఫ్లైషౌవర్ అను పండితుడు దీనిని కనిపెట్టెను. నీలిరంగు నద్దిన మృతక్రిములను పాలలో కలిపి గంటసేపు వెచ్చగా నుంచుదురు. పాలలో ప్రతిరక్షకములున్నచో గుంపుగట్టిన క్రిములు వెన్ననలుసులతోగూడ పైకి తేలి, మీగడ నీలివలయమగును. లేనిచో మీగడ తెల్లగా, క్రింది పాలు నీలముగా మిగులును. సూది అక్కఱలేదు, ఆవును పట్టుకొని కట్టవలసిన పనియు లేదు. ఊరూర పాలకేంద్రము లున్న మన సీమలో ప్రతి ప్రాతఃకాలము ఊరి నెత్తురంతయు పాలరూపమున క్యానులలో మన యింటిముందే పోవుచున్నది! వెన్నను కొలుచుటకు నమూనా తీయుదురు గదా, అందులోనే నాలుగు చుక్కలు నెలకొకసారి దీనికి వినియోగింపరాదా? కాని దీనికిని హద్దులు కలవు. పొదుగువాపు పాలు, జున్నుపాలు, పులిసిన పాలు, కాచిన పాలు తప్పు చెప్పును. వందల యిండ్ల పాలు ఒక్క తొట్టిలో కలిసినచో ఒక్క రోగిష్ఠి ఆవు జాడ అందు మునిగిపోవును. కావున తొట్టినుండి కాక, ఇంటింటి క్యానునుండి, లేదా ఇరువది యిండ్ల కొక నమూనాగా తీయవలెను. ఇది ఊరిని అనుమానించుటకే గాని ఆవును నిందించుటకు కాదు. ఊరు అనుమానింపబడిన పిదప రక్తపరీక్ష, దాని వెనుక ఎలైసా.

టీకా వలన పుట్టిన చిక్కు వేఱొకటి కలదు. 1923లో అమెరికాలో జెర్సీ ఆవు పాలనుండి తీసిన క్రిమి యొకటి, గదిలో ఏడాదికి పైగా నిలువయుండి తన క్రూరత్వమును కోల్పోయినది. అదియే ఎస్-19 అను టీకా. 2019 సెప్టెంబరులో ఆరంభమైన జాతీయ పశురోగ నియంత్రణ కార్యక్రమము క్రింద నాలుగు మొదలు ఎనిమిది మాసముల పెయ్యదూడలకు జన్మకొకసారి దీనిని వేయుచున్నారు. మంచి టీకాయే, దూడప్రాయమున వేసినచో దానివలన పుట్టిన ప్రతిరక్షకములు ఎదకు వచ్చు నాటికి చాలవఱకు తగ్గిపోవును. వయసు మీఱిన పడ్డకు వేసినచో చిరకాలము నిలిచి, రోజ్ బెంగాల్ పరీక్షలో టీకా పడిన యావును రోగిష్ఠి ఆవును ఒక్కతీరుననే కనబడును. చూడి ఆవుకు పొరపాటున వేసినచో ఈసుకొనిపోవుటయు కలదు. పైపొర లేని ఆర్‌బి-51 అను టీకా పడిన పసులు ఈ పరీక్షలలో పట్టుబడవు. అందులకే అమెరికాలో 1996 మొదలు దానిని వాడుకలోనికి తెచ్చిరి. మన దేశమున కార్యక్రమము ఎస్-19 మీద నడచుచున్నది గనుక, మనకు గతి చెవిపోగు. పండ్రెండంకెల పసుపుపచ్చ చెవిపోగు ఇపుడు మన పసులకు వేయుచున్నారు. టీకా వేసిన తేదీ ఆ యంకెకు ఎదురుగా వ్రాయబడిననాడు పరీక్షలో సగము చిక్కు వీడును. వ్రాయనినాడు బెంగుళూరు యంత్రమును ఏమి చేయజాలదు. పోగు చెవి చీల్చునని, పసుపు అందము చెడునని పోగును పీకివేయు కొందఱు ఆసాములు తమ యావు సాక్ష్యమును తామే చింపివేయుచున్నారు.

క్షయనుగూర్చియు ఒక మాట చెప్పక తప్పదు. అందును ఇట్టి కథయే నడచినది. కాక్ మహాశయుడు 1890లో టూబర్కులిన్‌ను మందుగా ప్రకటించెను; మందుగా అది విఫలమై, పసుల పరీక్షగా నిలిచినది. మెడచర్మములో సూదితో ఎక్కించి 72 గంటలకు వాపును కొలుతురు. నేలలోను నీటిలోను నుండు నిరపాయమైన చుట్టపు క్రిములు సోకిన పసువులకు సయితము వాపు వచ్చుటచే, పక్షిక్షయ ద్రవమును ప్రక్కనే ఎక్కించి రెండు వాపులను పోల్చుదురు. పిల్లల కిచ్చు బి.సి.జి. టీకాను పసులకు వేసినచో ఈ పరీక్ష పూర్తిగా చెడును. క్షయక్రిమియందుండి బి.సి.జి. యందు లేని, లేదా దానివలన ప్రతిక్రియ పుట్టింపని మూడు మాంసకృత్తులను ఏరి, వానితోనే చర్మపరీక్ష చేయు పద్ధతిని 2019లో పలుదేశముల శాస్త్రజ్ఞులు కలిసి ప్రకటించిరి. భారతదేశపు పశువైద్యులును వారిలో కలరు. టీకాను, రోగమును వేఱుచేసి చూపు పరీక్ష ఈసుడు రోగమునకును దొరకినచో ఎంత మేలగునో చదువరులే యూహింపగలరు.

పరీక్షలో దోషియని తేలిన యావును ఏమి చేయవలెను? పశ్చిమదేశములవారి జవాబు సులభము: చంపి, యజమానునకు వెల చెల్లించిరి. ఆస్ట్రేలియా 1989 నాటికి ఆ పద్ధతిచేతనే ఈ రోగమును తుడిచివేసినది. మనకు ఆ మార్గము లేదు. ఆంధ్రప్రదేశమున 1977 శాసనము గోవధను నిషేధించుచున్నది, ప్రజల మనస్సులును ఆ శాసనము ననుసరించియే యున్నవి. దీనిని వాదమునకు పెట్టుట మా యుద్దేశము కాదు. కాని చంపరాదని నిశ్చయించిన సమాజము, ఆ యావును పోషించు వెచ్చమునుగూర్చియు నిశ్చయింపవలెను గదా! 2009 నాటి కేంద్రశాసనము అంటురోగము గల పశువును సంతకు తేరాదని చెప్పుచున్నది. శాసనము సరియే. రోగమున్నదని తెలిసిన క్షణమున ఆవు వెల పడిపోవునని యెఱిగిన రైతు తెలిసికొనుటకే యిష్టపడడు. పరీక్షలు బాగుపడుటకు అడ్డము ద్రవమో యంత్రమో కాదు, ఈ భయమే. పరిహారములో కొంత భాగమైనను ప్రభుత్వమో, పాలు కొను సంస్థలో భరించి, అట్టి పసులకు వేఱు దొడ్లు ఏర్పఱచినగాని రైతు నోరు విప్పడు. గోశాలలకు ఆవులను దానమిచ్చు ధర్మాత్ములును దానమునకు ముందు రక్తపరీక్ష చేయించుట మంచిది. గోశాలలవారును ద్వారముకడనే పరీక్షించి, ఫలితము వచ్చువఱకు క్రొత్తదానిని వేఱుగా కట్టవలెను. పలువురి చేతులనుండి వచ్చిన పసులు ఒక్కచోట చేరు తావులలో ఒక్క యీత చాలు.

దొమ్మ విషయమున మాత్రము పరీక్ష తీరే వేఱు. హఠాత్తుగా పడి చచ్చిన పశువును కోయరాదు. చెవినరమునుండి తీసిన నెత్తుటిచుక్కను అద్దపుపలకమీద పూసి వైద్యునికి చూపవలెను. కోసినచో దాని క్రిమి గాలి సోకి గట్టిగింజయై దశాబ్దములు నేలలో నిలుచును. ఇంతకంటె ఇచట వ్రాయము.

ఇక రైతు స్వయముగా చేయవలసినది. ఆవు ఈసుకొనిపోయిన దినముననే రక్తము తీయించి, రోగము లేదని తేలినంతమాత్రమున నిశ్చింతగా నుండరాదు; ప్రతిరక్షకములు ఇంకను పుట్టియుండకపోవచ్చును. రెండు మూడు వారముల పిదప రెండవమాఱు తీయింపవలెను. తీసిన రక్తమును కుదుపక నిలువనిచ్చి, పైకి తేరిన రసమును మంచులో నుంచి పంపవలెను. ఎండలో బస్సుమీద చిత్తూరు చేరిన ఎఱ్ఱనీరు ఎవరికిని పనికిరాదు. మాయను వట్టిచేతులతో లాగరాదు; తొడుగులు వేసికొనవలెను. జాఱిన పిండమును దిబ్బమీద పాఱవేసినచో కుక్కలు ఊరెల్ల ఈడ్చును. సున్నముతో లోతుగా పూడ్చుటకు ముందు, పశువైద్యుని పిలిచి, ఆ పిండము కడుపులోని ద్రవమును కొంచెము తీయింపుడు. క్రిమిని పెంచి చూచుటకును, దాని బీజపదార్థమును పి.సి.ఆర్. యను పద్ధతిచే పట్టుకొనుటకును అంతకంటె మంచి నమూనా లేదు. రక్తము ఊహ చెప్పును, ఈ ద్రవము క్రిమినే చూపును. ఇంతకాలము దానిని మనము దిబ్బకే పంపుచున్నాము.